తలనూనె పక్కనున్న మందు సీసా

సంపాదకులు గారికి,

నమస్కారం. నేను అనంతపురం జిల్లాలో ప్రభుత్వ ఆసుపత్రుల్లో 34 ఏళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు బెంగళూరులో కుందలహళ్లి దగ్గర మా అబ్బాయి ఇంట్లో మనవణ్ణి చూసుకుంటూ ఉంటున్నాను. మగవాళ్లు జుట్టు కోసం తలకు రాసుకునే మందు గురించి, దానివల్ల మా ఇంట్లో జరిగిన సంగతి గురించి రాస్తున్నాను. ఉత్తరం కొంచెం పొడుగైంది. కుదిరితే కోయకుండా వేయండి.

మా కోడలికి పురుడు కదిరి దగ్గర వాళ్ల పుట్టింట్లో పోశారు. ఐదో నెల వచ్చాక బిడ్డను బెంగళూరు తీసుకొచ్చారు. నేనూ అప్పుడే వచ్చాను. పిల్లాడికి రోజూ నూనె రాసి, కాళ్లు చాపుకుని కూర్చుని, వాణ్ణి కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోయడం నా పని. వచ్చిన నెలకు వాడి నుదుటి మీద నూగు కాస్త ఎక్కువగా కనిపించింది. పసిపిల్లలకు నూగు ఉంటుంది, పోతుంది. మా అమ్మ నాకు నేర్పినట్టే శెనగపిండిలో పాలమీగడ, పసుపు కలిపి ముద్ద చేసి రోజూ దొర్లించి రుద్దాను. పోలేదు. ఇంకో మూడు వారాలకు చెంపల పక్కన, వీపు మీద, తొడల మీద సన్నగా, పొడుగ్గా, నల్లగా వచ్చాయి. సాంబ్రాణి వేసేటప్పుడు వాణ్ణి బోర్లా పడుకోబెడితే కిటికీ వెలుతురులో నడుము దగ్గర వెంట్రుకలు ఒకే వైపుకు వాలి స్పష్టంగా కనిపించేవి. నేను ఇంకా గట్టిగా రుద్దాను. ఆ చర్మం ఎర్రగా కందింది. ఇప్పుడు తలుచుకుంటే నాకు కడుపులో దేవినట్టు ఉంటుంది. ఎందుకో ముందు ముందు చెప్తాను.

కోడలు భయపడింది. "అత్తా, ఊళ్లో ఉన్నప్పుడు వీడికి ఇట్లా లేదు కదా, ఇక్కడి నీళ్లు పడలేదేమో" అంది. మా అపార్ట్‌మెంటుకు బోరు నీళ్లు, అవి చాలకపోతే ట్యాంకరు. గీజర్ దగ్గర మగ్గుకు తెల్లగా ఉప్పు కడుతుంది. బెంగళూరులో ఏ తెలుగింటికి వెళ్లినా ఈ నీళ్లకు జుట్టు ఊడిపోతోందనే మాట వినిపిస్తుంది. మరి ఆ నీళ్లతోనే పిల్లాడికి వెంట్రుకలు మొలుస్తాయా అని మాకూ అంతుపట్టలేదు.

పిల్లల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాం. ఆమె వాణ్ణి ముందు నుంచి, వెనక నుంచి చూసింది, పొట్ట నొక్కి చూసింది, గుండె విన్నది. ఇది ఎప్పట్నుంచి అని అడిగింది. ఇక్కడికి వచ్చాకే అని చెప్పాం. అప్పుడు మా అబ్బాయి వైపు తిరిగి, "ఇంట్లో ఎవరైనా జుట్టుకు లోషన్ రాస్తారా?" అని అడిగింది.

వాడు తల దించుకున్నాడు. వాడు ఐదేళ్లుగా మినాక్సిడిల్ అనే జుట్టు మందు తలకు వాడుతున్నాడని నాకు గాని, వాడి పెళ్లానికి గాని తెలియదు. పెళ్లిచూపులకు వెళ్లినప్పుడు ఒక సంబంధం వాళ్లు "అబ్బాయికి ముందర పల్చబడిందే" అన్నారట. ఆ మాట వాడికి తగిలింది. వాళ్ల తాతకూ, నాన్నకూ బట్టతలే, వీడికీ వస్తుందని భయం. బాత్‌రూమ్ అలమరలో కొబ్బరినూనె సీసా వెనకాల ఆ బాటిల్ పెట్టుకుని, పొద్దున్న ఒకసారి, రాత్రి పడుకోబోయే ముందు ఒకసారి రాసుకునేవాడు. రాసుకుని వచ్చి, ఆఫీసు అలసటతో పడుకుని, బిడ్డను గుండెల మీద బోర్లా వేసుకుని జోకొట్టేవాడు. పిల్లాడి మొహం వాడి మెడకు, చెవి దగ్గర తడి జుట్టుకు ఆనుకుని ఉండేది. వాళ్లిద్దరూ అట్లా నిద్రపోతే నేను చూసి మురిసిపోయి దుప్పటి కప్పి వచ్చేదాన్ని.

నా వంతు కూడా ఉంది. ఆదివారం నాడు మా అబ్బాయిని కూర్చోబెట్టి తలకు నూనె పెట్టి మర్దన చేయడం నాకు అలవాటు. వాడు పొద్దున్నే మందు రాసుకున్న తల అది. అదే చేత్తో, అదే నూనె గిన్నెతో, వెంటనే పిల్లాడికి వీపు, తొడలు రుద్దేదాన్ని. ఆ తర్వాత ముద్దతో గీకి గీకి చర్మం కందేట్టు చేశాను. కందిన చర్మం మందును ఇంకా ఎక్కువగా పీల్చుకుంటుంది. వార్డులో 34 ఏళ్లు చేతులు కడుక్కోమని అందరికీ చెప్పిన మనిషిని నేను.

డాక్టరమ్మ మందు మానిపించింది. దిండు గలీబులు, దుప్పట్లు, నూనె గిన్నె అన్నీ మార్చమంది. పిల్లాడికి బీపీ, గుండె వేగం చూసి, మళ్లీ రెండు వారాలకోసారి రమ్మంది. రెండో నెల దాటేసరికి తొడల మీదవి రాలిపోయాయి, తర్వాత వీపు మీదవి. ఇప్పుడు నుదుటి మీద ఎంత ఉండాలో అంతే ఉంది. మాకు అంతటితో పోయింది.

ఇంటికి వచ్చాక ఆ బాటిల్ చేతిలోకి తీసుకుని చదివాను. అక్షరాలు ఎంత చిన్నవంటే ఫోనులో ఫోటో తీసి పెద్దది చేసుకుంటే గాని కనిపించలేదు. మినాక్సిడిల్ 5 శాతం. ఆ పేరు చూడగానే నాకు మా పాత వార్డు గుర్తుకొచ్చింది. కిడ్నీ జబ్బుతో బీపీ ఏ మాత్రకూ దిగని వాళ్లకు ఆఖరుగా ఇచ్చే మాత్ర అది. వాడిన కొన్నాళ్లకు వాళ్ల మొహాల మీద, చేతుల మీద వెంట్రుకలు వచ్చేవి. అమెరికాలో 1979లో దాన్ని బీపీ మాత్రగానే అనుమతించారు. ఆ వెంట్రుకల సంగతి గమనించే తలకు రాసే మందుగా మార్చారు, 1988లో దానికి అనుమతి వచ్చింది. రక్తనాళాలను వదులు చేసే మందు అది. పేరు తెలిసిన మందు మా ఇంట్లో తలనూనె పక్కన ఉంటే నేను కనిపెట్టలేకపోయాను, ఎందుకంటే ఆ సీసా ఏమిటని నేను ఎప్పుడూ అడగలేదు, వాడు చెప్పలేదు.

ఈ సంగతి మా ఒక్క ఇంటిదే కాదని తర్వాత తెలిసింది. స్పెయిన్‌లో నవారా అనే చోట 2023లో సెలవు పెట్టి బిడ్డను చూసుకుంటున్న ఒక తండ్రి ఇదే మందు రాసుకుంటుంటే, బిడ్డకు వీపు మీద, కాళ్ల మీద వెంట్రుకలు వచ్చాయి. మందు మానాక పోయాయి. యూరప్‌లో వెతికితే అలాంటివి మరికొన్ని బయటపడ్డాయి. దాంతో అక్కడి మందుల నియంత్రణ సంస్థ 2024లో, రాసుకున్న చోటును పసిపిల్లలకు తగలనివ్వొద్దని మందు కాగితంలో చేర్చాలని చెప్పింది. ఆ స్పెయిన్‌లోనే 2019లో ఒక పొరపాటు జరిగింది. పిల్లలకు కడుపులో మంటకు ఇచ్చే మందులో మినాక్సిడిల్ కలిసిపోయి, పదిహేనుమందికి పైగా పిల్లలకు ఒళ్లంతా వెంట్రుకలు వచ్చాయి. పసి ఒంటికి ఇది ఎంత పనిచేస్తుందో ఆ రెండూ చూస్తే తెలుస్తుంది. మా అబ్బాయి కొన్న డబ్బా మీద గాని, లోపలి కాగితంలో గాని బిడ్డల మాట లేదు. నేను రెండుసార్లు చదివాను.

ఈ ఉత్తరం చదివి మగపిల్లలు ఆ సీసా తీసి పారేయాలని నా ఉద్దేశం కాదు. పనిచేసే మందే. మగవాళ్లకు ఐదు శాతం ద్రావణం ఒక్కో పూటకు ఒక మిల్లీలీటరు చొప్పున రెండు పూటలా, సరైన చోట, ఓపికగా వాడితే నాలుగు నెలలకు తేడా కనిపించవచ్చు. మానేస్తే మూణ్ణాలుగు నెలల్లో మళ్లీ మామూలే. తలకు రాసినది ఒంట్లోకి పోయేది నూటికి ఒకటో రెండో పాళ్లు, అది కూడా చర్మం బాగున్నప్పుడు. ఇక్కడే మన పిల్లలు తప్పు చేస్తున్నారు. మొదటి నెలా రెండు నెలల్లో పాత వెంట్రుకలు రాలి కొత్తవి రావడం మామూలే, డాక్టర్లు ముందే చెబుతారు. ఎవరూ చెప్పకుండా కొన్నవాడికి అది టెన్షన్. మందు చాలడం లేదేమోనని ఒక మిల్లీలీటరు చోట రెండు, రెండు చోట మూడు పూస్తాడు. ఇంకొందరు ఫోన్లో వీడియోలు చూసి సూదుల రోలర్‌తో నెత్తి మీద గీకి, రక్తం పొటమరించిన చర్మం మీద వెంటనే పోసుకుంటారు. మా అబ్బాయి కూడా ఆ రోలర్ కొన్నాడట, ఇంకా వాడలేదు. చుండ్రు వచ్చి పుండైన తల, ఎండకు కాలిన తల, అప్పుడే గుండు చేయించుకున్న తల, వీటి మీద పోస్తే మందు ఎక్కువ లోపలికి పోతుంది. తిరుపతి నుంచి గుండుతో వచ్చి వారం కాకుండానే రాసుకునేవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఎక్కువ పోతే ఏమవుతుందంటే, అది తలకు రాసిన బీపీ మందు కదా, గుండె దడ, లేచి నిలబడితే తల తిరగడం, ఛాతీలో నొప్పి, కాళ్లు మొహం వాయడం, ఉన్నట్టుండి బరువు పెరగడం. ఇలాంటివి వస్తే రాయడం ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. బీపీకో, గుండెకో మాత్రలు వేసుకునేవాళ్లు వాడబోయే ముందే చెప్పాలి. నెత్తి దురద, ఎర్రబడి పొట్టు లేవడం చాలామందికి వస్తుంది. అందులో ఎక్కువసార్లు తప్పు మందును కరిగించడానికి కలిపే ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రవానిది, అది లేని నురుగు మందు దొరుకుతుంది, డాక్టరును అడిగి మార్చుకోవచ్చు. ఇంకోటి, ఇందులో ఆల్కహాల్ ఉంటుంది. తల ఆరకముందే పూజగదిలో దీపం మీదికి వంగవద్దు. పిల్లి పెంచేవాళ్లు మరీ జాగ్రత్త. పిల్లి దీని చుక్కలు నాకినా దాని ప్రాణం మీదికి వస్తుంది. మా అపార్ట్‌మెంటులో పిల్లులున్న ఇళ్లు నాలుగైదు ఉన్నాయి, నేనే వెళ్లి చెప్పి వచ్చాను.

ఇంతకంటే నన్ను ఎక్కువగా కలవరపెట్టిన సంగతి ఇంకొకటి. మా అబ్బాయి స్నేహితుడు ఒకడు, నెల్లూరు అబ్బాయి, ఆదివారాలు భోజనానికి వస్తాడు. మా సంగతి విని "అమ్మా, నాది కూడా అదే" అని, తర్వాతి వారం తన బాటిల్ తెచ్చి చూపించాడు. అదే సైజు, అదే రంగు మూత, అదే డ్రాపర్. కాని అందులో మినాక్సిడిల్‌తో పాటు ఫినాస్టెరైడ్ కూడా ఉంది. తేడా ఏమిటో అతనికి తెలియదు. ఫోన్లో ఒక యాప్ ఆరేడు ప్రశ్నలు అడిగి, ఇంటికి పంపించింది. డాక్టరు గొంతు కూడా అతను వినలేదు. పెళ్లయ్యిందా, ఇంట్లో గర్భిణి ఉందా అని ఆ ప్రశ్నల్లో లేదట. అతని భార్యకు మూడో నెల.

ఫినాస్టెరైడ్ మగ హార్మోను నుంచి తయారయ్యే డీహెచ్‌టీ అనే దాన్ని తగ్గిస్తుంది. బట్టతలకు కారణం ఎక్కువగా ఆ డీహెచ్‌టీయే కాబట్టి పనిచేస్తుంది. కాని కడుపులో మగబిడ్డ ఉంటే ఆ బిడ్డ జననాంగాలు సరిగా ఏర్పడటానికి కావలసింది కూడా అదే. అందుకే ఆ మందును గర్భిణి ముట్టుకోకూడదు. ఆ అమ్మాయి రోజూ అతని దిండు గలీబు ఉతుకుతోంది, తల నిమురుతోంది. నేను అతన్ని తిట్టలేదు. భోజనం పెట్టి, తిన్నాక ఇద్దరూ రేపే డాక్టరు దగ్గరికి వెళ్లండని చెప్పాను. స్కానింగులో బిడ్డ బాగానే ఉందని వాళ్ల డాక్టరు చెప్పారట. ఇప్పుడు ఐదో నెల. నేను రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకుంటున్నాను.

అప్పుడే అతను ఇంకో మాట కూడా మెల్లగా చెప్పాడు. మూణ్ణాలుగు నెలలుగా నిద్ర పట్టడం లేదు, దేని మీదా మనసు లేదు, భార్యతో కూడా పూర్వంలా లేదు అన్నాడు. అది ఈ మందువల్లే అని నేను అనను, ఉద్యోగం ఒత్తిడి ఉంది, తండ్రి కాబోతున్న భయం ఉంది. కాని అది డాక్టరుకు చెప్పాల్సిన మాట. 2025 ఏప్రిల్‌లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ, మందుల దుకాణాల్లోనే కలిపి తయారుచేసి అమ్మే ఈ రాసే ఫినాస్టెరైడ్ గురించి హెచ్చరిక జారీ చేసింది. 2019 నుంచి 2024 దాకా 32 ఫిర్యాదులు వచ్చాయట. మగతనం తగ్గడం, దిగులు, ఆందోళన, నిద్ర పట్టకపోవడం, చచ్చిపోవాలన్న ఆలోచనలు వాటిలో ఉన్నాయి. అక్కడ రాసే ఫినాస్టెరైడ్‌కు అనుమతే లేదు. యూరప్ వాళ్లు అదే ఏడాది మే నెలలో, ఫినాస్టెరైడ్ మాత్రల వల్ల ఆత్మహత్య ఆలోచనలు రావచ్చని తేల్చి చెప్పారు. రాసే స్ప్రే విషయంలో మాత్రం ఆ సంబంధం వాళ్లు చూసిన సమాచారంలో కనిపించలేదని కూడా చెప్పారు. ఆ మాట కూడా రాయడం న్యాయం.

వయసు మళ్లినవాళ్లకు ఒక మాట. ఫినాస్టెరైడ్ మాత్ర వేసుకుంటే ప్రొస్టేట్ కోసం చేసే పీఎస్ఏ రక్త పరీక్షలో అంకె సగానికి తగ్గి కనిపిస్తుంది. క్యాన్సర్ ఉన్నా లేనట్టు అనిపించవచ్చు. తలకు రాసుకునే వాళ్లు కూడా పరీక్షకు వెళ్లినప్పుడు ఆ సంగతి చెప్పాలి.

మన దేశంలో ఫినాస్టెరైడ్ డాక్టరు చీటీ లేకుండా ఇవ్వకూడని మందు. బట్టతలను నయం చేస్తామని ఏ మందూ చెప్పుకోకూడదని మన మందుల నియమాల్లో షెడ్యూల్ జె అనే జాబితా ఉంది, అందులో బట్టతల పేరు ఉంది. అయినా అవుటర్ రింగ్ రోడ్డు మీద ఆ చివర నుంచి ఈ చివర దాకా హోర్డింగులు, ఫోను తెరిస్తే అవే. ఆ బోర్డుల కింద సిగ్నల్ దగ్గర ఆగే మన పిల్లలకు ఇరవై ఐదు, ముప్పై ఏళ్లు. ఊరు వదిలి వచ్చి, పీజీలో నలుగురితో ఒక గదిలో ఉండి, అద్దంలో చూసుకుని లోలోపల కుమిలిపోతున్నారు. అమ్మకు చెప్పరు, పెళ్లానికి చెప్పరు. నవ్వుతారని. మనం నిజంగానే నవ్వుతాం కదా, పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో, "ఏరా, నీకు కూడా వచ్చేసిందే" అని. మా ఇంట్లో ఆ సీసా కొబ్బరినూనె వెనకాల దాగింది అందుకే. మా మనవడి వీపు మీద వెంట్రుకలు రావడంలో ఆ నవ్వులకు కూడా భాగం ఉందని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఇప్పుడు మా అబ్బాయి మందు మానేశాడు. పిల్లాడు పెద్దయ్యేదాకా వద్దు అన్నాడు. దువ్వెనకు మళ్లీ వెంట్రుకలు వస్తున్నాయి. నేను చూసి కూడా ఏమీ అనను, ఆదివారం నూనె పెడతాను. పెట్టాక సబ్బుతో చేతులు కడుక్కునే పిల్లాణ్ణి ఎత్తుకుంటాను.

మందుల షాపుల వాళ్లకు నా మనవి ఇది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు మెడికల్ షాపుల్లో మన తెలుగు కుర్రాళ్లే చాలామంది ఉన్నారు. బాటిల్ కవర్లో వేసే ముందు ఒక్క మాట అడగండి: "అన్నా, ఇంట్లో పసిబిడ్డ ఉందా? వదినకు నెల తప్పిందా?" ఉంటే రాసుకున్న చోటు బిడ్డకు తగలనివ్వొద్దని, రాసుకున్నాక చేతులు కడుక్కోమని, పడుకోవడానికి కనీసం రెండు మూడు గంటల ముందే రాసుకోమని, ఫినాస్టెరైడ్ ఉంటే డాక్టరు చీటీ చూపించమని చెప్పండి. ఒక్క నిమిషం పని. యాప్‌ల వాళ్లు తమ ప్రశ్నల్లో ఇవి రెండూ చేర్చాలి, డబ్బాలో తెలుగు, కన్నడ, తమిళంలో కనిపించే అక్షరాలతో ఒక చీటీ పెట్టాలి. తయారుచేసేవాళ్లు లేబుల్ మీదే పసిబిడ్డ బొమ్మ మీద గీత గీసి ముద్రించాలి. ఢిల్లీలోని కేంద్ర మందుల నియంత్రణ అధికారులకు ఈ సంగతి నేను విడిగా రాశాను.

ఈ మందువల్ల ఎవరికైనా, ముఖ్యంగా పసిపిల్లలకు, ఏదైనా జరిగితే మనసులో పెట్టుకోకుండా తెలియజేయండి. కేంద్ర ప్రభుత్వానికి 1800-180-3024 అని ఒక ఉచిత ఫోన్ నంబరు ఉంది, మందుల దుష్ప్రభావాలు అక్కడ రాసుకుంటారు. రోగే చేయవచ్చు, ఇంట్లోవాళ్లూ చేయవచ్చు. మా పిల్లాడి సంగతి మేం కూడా రాయించాం.

మీ పత్రికలో జుట్టు మందుల ప్రకటనలు వచ్చే పేజీలోనే, ఒక మూల చిన్న పెట్టె కట్టి, పసిబిడ్డలున్న ఇంట్లో, గర్భిణి ఉన్న ఇంట్లో ఈ లోషన్‌తో తీసుకోవలసిన జాగ్రత్తలు, ఆ ఫోన్ నంబరు వారానికి ఒకసారి వేయగలరా? ప్రకటన చూసే కళ్లు అక్కడే ఉంటాయి కాబట్టి అడుగుతున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు,
కుందలహళ్లి, బెంగళూరు.